రెండో అంతస్తులో మేనమామ

సముద్రం పక్కన చిగూ అనే ఊరి ఉప్పుగాలిలో యాభై ఎనిమిదేళ్ళు బతికిన సాయ్ బింగ్‌హైకి బాగా వచ్చిన విద్యలు రెండు. ఒకటి పాలబొంత చేపల్ని పెంచడం. రెండోది విందుకి పిలిచినవాళ్ళ పరువు తీయడం.

మొదటిది తండ్రి నేర్పాడు. చెరువు గట్టు మీద నిలబడి నీళ్ళ రంగు చూసి, రేపు చేపలు మేత తింటాయో తినవో చెప్పగలడు. రెండోది ఎవరూ నేర్పలేదు, పుట్టుకతోనే వచ్చింది. పక్కింటివాళ్ళబ్బాయి పెళ్ళిలో కోడి పులుసు నోట్లో పెట్టుకుని, "ఈ కోడి ఇందులో స్నానం చేసి వెళ్ళిపోయినట్టుందే!" అన్నాడు, వధువు తండ్రి పక్కనే ఉండగా. గుడి విందులో రబ్బరులా సాగుతున్న కణవ చేప ముక్క నములుతూ, "ఎవరి చెప్పు పోయిందో వెతుక్కోండర్రా" అన్నాడు. ఆ చుట్టుపక్కల వంటవాళ్ళు బింగ్‌హై వస్తున్నాడని తెలిస్తే అతని బల్లకి విడిగా వండేవాళ్ళు. అతని భార్య సోక్‌లాన్ బల్ల కింద నుంచి అతని కాలు తొక్కీ తొక్కీ అలిసిపోయి, చివరికి విందులకి రావడమే మానేసింది. నన్నడిగితే, మనిషి చెడ్డవాడు కాదు. తాను చెప్పింది నిజమైతే చాలు, అది ఎవరికి ఎక్కడ తగిలిందో చూసుకోవక్కర్లేదని నమ్మినవాడు. అలాంటివాళ్ళతో వేగడం చెడ్డవాళ్ళతో వేగడం కంటే కష్టం.

మేనమామ సంగతి మళ్ళీ చెప్పాలా! మా వైపు పెళ్ళిలో మేనమామ వచ్చి పెద్దపీట మీద కూర్చునేదాకా టపాకాయల పేట అంటించరు. అది పేలేదాకా మొదటి పళ్ళెం వంటింటి గడప దాటదు. మేనమామ అలిగి గుమ్మంలోంచి వెనక్కి తిరిగాడంటే ఆ ఇంటి పేరు పదేళ్ళపాటు అందరి నోళ్ళలోనూ నానుతుంది. వంకలు పెట్టడంలో ఇంత నేర్పున్నవాడికి మేనమామ పీట దక్కితే ఎలా ఉంటుందో ఊరంతా ఊహించుకుని నవ్వుకునేది. కానీ బింగ్‌హైకి ఉన్నది ఒక్కతే చెల్లెలు. ఆ చెల్లెలి ఇంటి నుంచి పద్నాలుగేళ్ళుగా అతనికి పిలుపే లేదు.

చెల్లెలు లీహ్వాని తైచుంగ్‌లో బస్సు నడిపే షు అనే ఆయనకి ఇచ్చారు. ముప్పై నాలుగో ఏట జ్వరం వచ్చి పోయింది. కబురు ఆలస్యంగా అందింది. శవాన్ని తీసే రోజు పుట్టింటివాళ్ళని వెంటబెట్టుకుని బింగ్‌హై వెళ్ళేసరికి, ఆచారం ప్రకారం బావగారూ పిల్లలూ గోనె బట్టలు వేసుకుని సందు మొగలో రోడ్డు మీద మోకరిల్లి ఉన్నారు. పుట్టింటి పెద్ద చెయ్యి పట్టి లేపేదాకా వాళ్ళు లేవకూడదు. బింగ్‌హై లేపలేదు. జ్వరం ఏ రోజున వచ్చింది, ఏ డాక్టరుకి చూపించావు, మాకెందుకు చెప్పలేదు అని నిలబెట్టి అడిగాడు. నిలబెట్టి అంటున్నానుగానీ నిలబడింది అతనే. మే నెల ఎండ, తారు రోడ్డు. అరగంట గడిచింది. వరస చివర చెల్లెలి కూతురు, తొమ్మిదేళ్ళ పిల్ల, ముఖం మీదికి జారిన గోనె ముసుగులోంచి ఏమీ కనబడనిది, ఉన్నట్టుండి పక్కకి ఒరిగి పడిపోయింది. ఎవరో ఆడమనిషి వచ్చి ఎత్తుకుని లోపలికి తీసుకుపోయింది. బింగ్‌హై అప్పుడూ ఆపలేదు.

"అడిగే హక్కు నాకుంది" అని తర్వాత చాలా ఏళ్ళు అనేవాడు. హక్కు ఉన్నమాట నిజమే. మూడేళ్ళ కిందట బావ కూడా పోయాడని తెలిసింది. బింగ్‌హై వెళ్ళలేదు. కోపం వల్ల కాదు. ఆ పిల్ల మళ్ళీ రోడ్డు మీద మోకరిల్లి ఎదురొస్తుందని భయపడ్డాడు. ఈ మాట సోక్‌లాన్‌కి కూడా చెప్పలేదు.

తొంభై మూడో సంవత్సరం చలికాలంలో పెళ్ళి కార్డు వచ్చింది. లోపల మడత పెట్టిన కాగితంలో మూడే వాక్యాలు. "మామయ్యా, అమ్మ తరఫున నాకు మీరొక్కరే ఉన్నారు. నన్ను పెంచిన మేనత్త వద్దంటున్నా నేనే రాస్తున్నాను. మీరు వచ్చి కూర్చున్నాకే విందు మొదలవుతుంది. మీ యూజెన్."

బింగ్‌హై దాన్ని రెండుసార్లు చదివి భార్య చేతికిచ్చి, చెప్పులు వేసుకుని చెరువు గట్టు మీదికి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చేసరికి సోక్‌లాన్ పెట్టె సర్దుతోంది.

"నేను రాను. చలి గాడుపు వస్తోందని రేడియోలో చెప్పారు, చెరువులు ఎవరు చూస్తారు? నువ్వెళ్ళు" అంది.

"వెళ్ళి ఏం మాట్లాడను?"

"ఏం మాట్లాడకు. కూర్చో. పెట్టింది తిను. చేప బాగోలేదనీ, అన్నం ఉడకలేదనీ మొదలుపెట్టావో..."

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?"

"చిన్నపిల్లలైతే చెప్తే వింటారు" అంది సోక్‌లాన్.

బస్సులో నాలుగు గంటల దారి. బింగ్‌హై కిటికీ వైపు తిరిగి, పక్కనున్నవాళ్ళకి వినబడకుండా ఒకే ఒక్క వాక్యం నేర్చుకుంటూ కూర్చున్నాడు. "నీవి అచ్చం మీ అమ్మ కళ్ళు తల్లీ." క్షమించమని అడగడం అతనికి రాదు. ఈ వాక్యంతో ఆ పని అయిపోతుందనుకున్నాడు. ఆ పిల్ల కళ్ళు ఎలా ఉంటాయో అతనికి తెలియదు. నెలల బిడ్డగా ఉన్నప్పుడు రెండుసార్లు చూశాడు, అప్పుడు రెండుసార్లూ నిద్రపోతోంది.

ఆ రోజు మంచి ముహూర్తం. తైచుంగ్‌లో పెళ్ళి ఈడొచ్చిన వాళ్ళంతా ఆ రోజే పెళ్ళి చేసుకుంటున్నారా అన్నట్టుంది. విందుశాల మూడంతస్తుల మేడ. గుమ్మం ముందు పూలదండలు కట్టిన కార్లు ఒకదాని వెనక ఒకటి. లోపల అడుగు పెడితే చెప్పు నేలకి అతుక్కుంది, నిన్నటి విందు పులుసు ఇంకా కడగలేదు. లిఫ్టు దగ్గర జనం తోసుకుంటున్నారు. ఇంకొకప్పుడైతే అక్కడే మొదలుపెట్టేవాడు. సోక్‌లాన్ గుర్తొచ్చి నోరు నొక్కుకున్నాడు. జేబులో చెయ్యి పెడితే కార్డు లేదు. అది పాత కోటు జేబులో చిగూలో ఉండిపోయింది.

హాళ్ళు చూసుకునే ఒకామె చేతిలో వాకీటాకీతో పరుగులాంటి నడకతో ఎదురొచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి, కోటు మీద పన్ సూచిన్ అని పేరు బిళ్ళ ఉంది.

"ఏమ్మా, చెన్ వారి పెళ్ళి ఎక్కడ? నేను మేనమామని" అన్నాడు బింగ్‌హై.

"చెన్ వారిదా, రెండో అంతస్తు. మెట్లమీద వెళ్ళిపోండి పెద్దాయనా, లిఫ్టు ఇప్పట్లో రాదు" అని ఆమె వాకీటాకీలో ఎవరినో తిడుతూ వెళ్ళిపోయింది.

వియ్యాలవారి ఇంటిపేరు చెన్ అని కార్డులో ఉంది. ఊళ్ళో ప్రతి నాలుగో ఇంటివాళ్ళూ చెన్‌లే అన్న సంగతి బింగ్‌హైకి అప్పుడు తట్టలేదు.

రెండో అంతస్తు గుమ్మంలో 'మేనమామ' అన్న మాట అతని నోట్లోంచి రావడమే ఆలస్యం, ఇద్దరు ఆడవాళ్ళు రెండు రెక్కలూ పట్టుకున్నారు. కోటుకి ఎర్ర పువ్వు గుచ్చారు, చేతిలోని చదివింపుల ఎర్ర కవరు అందుకున్నారు, నేరుగా పెద్దబల్ల దగ్గరికి నడిపించి పెద్దపీట మీద కూర్చోబెట్టారు. బయట టపాకాయలు పేలాయి. తన కోసం అంత చప్పుడు బింగ్‌హై జన్మలో వినలేదు. కళ్ళు చెమర్చాయి, పొగ వల్ల అని తుడుచుకున్నాడు.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినీ లెక్క కట్టుకున్నాడు. ఊదారంగు మఖమలు జాకెట్టు వేసుకున్న లావుపాటావిడ వరుడి తల్లి, అది ఖాయం. పక్కన ముత్యాల గొలుసు వేసుకున్న సన్నపాటావిడ యూజెన్ మేనత్త అయ్యుంటుంది, తల్లి పోయాక పిల్లని పెంచిన మనిషి. ఆవిడ వైపు ఒంగి, "మీరే కదండీ మా పిల్లని పెంచింది?" అన్నాడు.

"ఆ, నేనే" అందావిడ నవ్వుతూ.

"మీ మేలు మేం ఈ జన్మలో మరిచిపోలేం."

ఆవిడ పొంగిపోయింది. పొంగదూ మరి! ఆవిడ ఆ పెళ్ళికూతురి కన్నతల్లి. వరుడి మేనమామ వచ్చి కూతుర్ని బాగా పెంచావంటే ఏ తల్లికి చేదు? ఊదారంగు జాకెట్టావిడేమో ఈయన పెళ్ళికూతురి మేనమామ అనుకుంది. ఇద్దరికీ సొంత అన్నదమ్ములు లేరు మరి. ఆ వైపు వాళ్ళు ఈ వైపు మనిషి అనుకున్నారు, ఈ వైపు వాళ్ళు ఆ వైపు మనిషి అనుకున్నారు. తమరెవరండీ అని అడిగితే మేనమామ ఎక్కడ అలుగుతాడో అని ఇద్దరూ ఊరుకున్నారు.

చల్లటి వంటకాల పళ్ళెం వచ్చింది, తీపి ఉండలు వచ్చాయి, జిగురన్నం మీద ఎర్ర పీతలు వచ్చాయి. అన్నం అడుగున మాడింది. బింగ్‌హై దాన్ని దిగమింగాడు. తర్వాత చేప వచ్చింది. ఆవిరి మీద ఉడికించిన చందువా, తల బింగ్‌హై వైపు తిప్పి పెట్టారు. దాని కన్ను చూశాక అతని వల్ల కాలేదు.

"పిలవండి ఆ పైపెత్తనం చేసే ఆవిణ్ణి!"

సూచిన్ వచ్చింది.

"అమ్మా, నేను చేపల్లో పుట్టినవాణ్ణి. ఇది చచ్చి వారమైంది. కన్ను చూడు, లోపలికి పోయింది. మేనమామ బల్లకే ఇలాంటిది పెడితే మిగతా బల్లలకి ఏం పెడుతున్నారు, ముళ్ళా?"

పెళ్ళిబల్ల దగ్గర చావు మాట వినబడేసరికి ముత్యాల గొలుసావిడ ముఖం చిట్లించింది. లావుపాటావిడ గబగబా, "పోనీలెండి అన్నయ్యగారూ" అంది. బింగ్‌హై వినలేదు. నేల జిడ్డు దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. మాడిన అన్నం, వేడి లేని ఉండలు, ఒకటే లిఫ్టు, అన్నీ ఏకరువు పెట్టాడు. సూచిన్ తల వంచుకుని అంతా విని, "తప్పే పెద్దాయనా, మార్చి తెస్తాను" అని పళ్ళెం తీసుకుపోయింది. చుట్టుపక్కల బల్లలవాళ్ళు మెడలు సాచి చూశారు. చెల్లెలి కూతురి పరువు కాపాడానని బింగ్‌హై ఛాతీ పొంగింది.

అప్పుడే గోడమీది మైకు గురగురమంది. "మూడో అంతస్తు పెళ్ళివారి మేనమామగారు ఎక్కడున్నా వెంటనే రావాలి. విందు ఆగిపోయి ఉంది."

"చూశారా! వీడెవడో గానీ మేనమామట. పిల్ల పెళ్ళినాడు జనాన్ని ఆకలితో కూర్చోబెట్టాడు. సిగ్గుండొద్దూ మనిషన్నాక?" అన్నాడు బింగ్‌హై.

బల్లంతా నవ్వింది. ఒకాయన అతని గ్లాసు నింపాడు.

తర్వాత పెళ్ళికూతురు బట్టలు మార్చుకుని గులాబీరంగు గౌనులో వచ్చింది. మొదటి గ్లాసు మేనమామకే. ముఖానికి తెల్లగా రంగు, రెప్పలకి అతికించిన వెంట్రుకలు. ఆ కింద ఏ కళ్ళున్నాయో దేవుడికే తెలియాలి. బింగ్‌హైకి మాత్రం తెలిసిపోయింది. లేచి నిలబడ్డాడు. ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకున్నాడు. నాలుగు గంటలు బస్సులో నేర్చుకున్న వాక్యం బయటికొచ్చింది.

"నీవి అచ్చం మీ అమ్మ కళ్ళు తల్లీ. మీ అమ్మ ఈ రోజు బతికుంటే ఎంత సంతోషించేదో!"

ముత్యాల గొలుసావిడ చేతిలోంచి చాప్‌స్టిక్కులు జారి పళ్ళెంలో టంగుమన్నాయి.

"నేను బతికే ఉన్నానండీ" అందావిడ.

పెళ్ళికూతురు చేతులు వెనక్కి లాక్కుంది. లావుపాటావిడ, "మీరు... మీరు అమ్మాయివాళ్ళ తరఫు కాదా?" అని అడిగింది. పెళ్ళికూతురి తండ్రి, "మా తరఫా? మీ అన్నయ్య అనుకున్నామే!" అన్నాడు. మైకు మళ్ళీ గురగురమంది. ఈసారి పేరు కూడా చెప్పారు. "మూడో అంతస్తు, చెన్, షు వారి పెళ్ళి. చిగూ నుంచి వచ్చిన సాయ్ బింగ్‌హైగారు ఎక్కడున్నా దయచేసి మూడో అంతస్తుకి రావాలి."

బింగ్‌హైకి తల కొట్టేసినట్టయింది. ఎర్ర పువ్వు పీకి బల్లమీద పెట్టాడు. "తప్పైంది, తప్పైంది" అంటూ వెనక్కి నడిచాడు. ఒక కుర్చీకి తగిలాడు, మరో బల్లకి తగిలాడు. వెనక ఎవరో నవ్వారు. ఎవరో, "మంచిరోజున బతికున్న తల్లిని చంపేశాడు, అశుభం పోవాలి, ముందు ఉప్పు చల్లండి" అన్నారు. ఆ మాట వీపుకి తగిలింది. అతను మెట్లవైపు వెళ్ళలేదు. కనబడిన మొదటి తలుపు తోసుకుని దూరాడు. బస్‌స్టాండు ఎటు, అదొక్కటే అతని బుర్రలో ఉంది.

తలుపు వంటింట్లోకి తెరుచుకుంది. ఆవిరి, అరుపులు, గోడ పొడవునా పేర్చిన పళ్ళేలు. సూచిన్ అక్కడే ఉంది. ఇంకో చేప కోసం వచ్చినట్టుంది.

"మీరేనా బింగ్‌హైగారు?" అంది. అడగాల్సిన పనేమీ లేదు, ముఖమే చెప్తోంది.

"బయటికి ఎటు పోవాలమ్మా?"

"పైకి ఇటు."

"పైకి కాదు. బయటికి."

ఆమె చేతిలోని పళ్ళెం కింద పెట్టింది. "ఎక్కడికి?"

"నేను రాలేదని చెప్పు. బస్సు చెడిపోయిందని చెప్పు. నీకు పుణ్యముంటుంది."

"ఇందాక మిమ్మల్ని రెండో అంతస్తుకి పంపింది నేనే పెద్దాయనా. ఏ చెన్‌వారని అడగాల్సింది, అడగలేదు. ఆ తప్పు నాది, ఒప్పుకుంటాను. కానీ పైన ఆ పిల్ల పన్నెండింటి నుంచీ అత్తగారితో ఒకటే మాట చెప్తోంది. మా మామయ్య వస్తాడు, వస్తానంటే వస్తాడు అని. ఇరవై నాలుగు బల్లలవాళ్ళు పుచ్చగింజలు కొరుక్కుంటూ కూర్చున్నారు. పులుసు మూడుసార్లు వేడిచేశాం. ఆ పిల్ల మాట అబద్ధం చెయ్యాలంటే మీరే వెళ్ళి చెయ్యండి. నా నోటితో నేను చెప్పను."

బింగ్‌హై ఉప్పు బస్తా మీద కూలబడ్డాడు. కాసేపటి కిందట ఈ మనిషినే కదా అందరి ముందూ కడిగేశాడు.

"ఆ హాల్లోంచి మీ ఎర్ర కవరు తెప్పిస్తాను" అంది సూచిన్ మెల్లగా. "వెనక మెట్లున్నాయి. ఎవరూ చూడరు."

మూడో అంతస్తు గుమ్మం తెరిచేసరికి చప్పుడు ఒక్కసారిగా ఆగింది. పిల్లలు కుర్చీల మీద పడుకుని నిద్రపోతున్నారు. మధ్యలో నాలుగైదు బల్లలు ఖాళీగా ఉన్నాయి, ఓపిక లేనివాళ్ళు వెళ్ళిపోయారు. పెద్దబల్ల దగ్గర వరుడి తండ్రి విందుశాల యజమానిని పట్టుకుని కేకలేస్తున్నాడు. సూచిన్ ముందుకెళ్ళి రెండు ముక్కల్లో జరిగింది చెప్పింది. చేప సంగతి గానీ, పెళ్ళికూతురితో అన్న మాట గానీ, బస్‌స్టాండు సంగతి గానీ చెప్పలేదు. దారి తప్పించింది నేనే, అంతే చెప్పింది.

యజమానికి కావలసింది దొరికింది. "ఈవిడ సంగతి నేను చూసుకుంటానండీ. రేపట్నుంచి పనిలో ఉండదు. ముందు ప్రతి బల్ల దగ్గరికీ వెళ్ళి తల వంచి క్షమాపణ చెప్పు, నడు!"

సూచిన్ మొదటి బల్ల దగ్గరికి నడిచింది. తల వంచింది. రెండో బల్ల దగ్గరికి నడిచింది.

అందరూ బింగ్‌హై చుట్టూ మూగారు. "పాపం, పల్లెటూరి పెద్దమనిషి. ఎవరు ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చున్నాడు." "ఇంతింత హాళ్ళు కట్టగానే సరా, ఒక పద్ధతీ పాడూ లేదు." "రండి అన్నయ్యగారూ, మీ తప్పేముంది ఇందులో!" వరుడి తల్లి కుర్చీ లాగింది. ఎవరో వేడి టీ చేతికిచ్చారు. బింగ్‌హై కూర్చున్నాడు. ఆ టీ తాగాడు కూడా. గొంతులోంచి దిగుతుంటే హాయిగా ఉంది. అవును, ఆవిడే కదా పంపింది అనిపించింది. ఒక నిమిషంపాటు ఆ హాయి అతనికి నచ్చింది. తర్వాత చాలా ఏళ్ళకి నాకీ సంగతి చెప్తూ, ఆ రోజు మొత్తంలో తనకి ఎక్కువ సిగ్గనిపించేది ఆ ఒక్క నిమిషమేనన్నాడు.

అప్పుడు యూజెన్ వచ్చింది. తెల్లగౌనులోనే ఉంది, విందు మొదలు కాకుండా మార్చుకోదు కదా. బింగ్‌హై ఆమె ముఖం చూశాడు. నుదురు తండ్రిది, ముక్కు తండ్రిది. కళ్ళు ఎవరివో పోల్చుకోలేకపోయాడు. ఎంత తన్నుకున్నా లీహ్వా కళ్ళు ఎలా ఉండేవో గుర్తు రాలేదు.

"వచ్చారు కదా మామయ్యా, అది చాలు" అంది యూజెన్. "ఆవిడ తప్పుకి మీరెందుకు బాధపడతారు?"

సూచిన్ అయిదో బల్ల దగ్గర తల వంచుతోంది.

"ఆవిడ తప్పు కాదు" అన్నాడు బింగ్‌హై. అందరికీ వినబడేట్టు మళ్ళీ చెప్పాడు. "ఆవిణ్ణి ఆపండి. ఆవిడ నన్ను అంతస్తు మాత్రమే తప్పించింది. అక్కడ పెళ్ళికూతురు వచ్చి నా ఎదురుగా నిలబడింది. నేను ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకున్నాను. అచ్చం మీ అమ్మ కళ్ళు అన్నాను. నువ్వే అనుకున్నాను తల్లీ. నీ ముఖం నాకు తెలియదు. తెలియకుండానే వచ్చాను."

టీ ఇచ్చిన మనిషి కప్పు వెనక్కి తీసుకున్నాడు. వరుడి తల్లి లాగిన కుర్చీ మీంచి చెయ్యి తీసేసింది. షు వారి తరఫు మేనత్త, పొట్టిగా నెరిసిన జుట్టుతో ఇప్పటిదాకా ఒక్కమాటా మాట్లాడని మనిషి, "ఇంకా ఏమన్నా చెప్పాలా?" అంది.

"పారిపోదామని వంటింట్లో దూరాను. ఈవిడే పట్టుకొచ్చింది."

యూజెన్ ముఖం రంగు కింద కూడా పాలిపోయింది. వరుడు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె యజమాని వైపు తిరిగి, "ఆవిణ్ణి పనిలోంచి తీసేయక్కర్లేదు. వడ్డించమనండి" అంది.

టపాకాయలు పేలాయి. కానీ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పళ్ళేలు వచ్చాయి. అదే చల్లటి పళ్ళెం, అవే తీపి ఉండలు, అదే మాడిన జిగురన్నం, కింద తిన్నవే. కడుపులో చోటు లేదు. అయినా బింగ్‌హై ముందుకొచ్చిన ప్రతిదీ తిన్నాడు, ఎవరూ తనవైపు చూడకుండా ఉండాలంటే తినడం తప్ప ఇంకేం చెయ్యాలో తెలియలేదు. పక్కనున్న మేనత్త అతని గిన్నెలో ఒక్కసారి కూడా ఏమీ వడ్డించలేదు.

యూజెన్ గౌను మార్చుకుని గ్లాసుతో వచ్చింది. మొదటి గ్లాసు మేనమామకే, ఆచారం ఆచారమే. బింగ్‌హై లేచి నిలబడ్డాడు. చేతులు పట్టుకోవడానికి ధైర్యం చాల్లేదు.

"మీ ముఖం నాకూ తెలియదు మామయ్యా" అందామె, అతనికి మాత్రమే వినబడేట్టు. "మీ ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. అందుకే పెళ్ళికూతురు బయటికి రాకూడదని మేనత్త తిడుతున్నా పోయి ఈ అంతస్తు లిఫ్టు దగ్గర నిలబడ్డాను. ఒంటరిగా వచ్చిన ప్రతి పెద్దాయన్నీ మామయ్యా అని పిలిచాను. నలుగురు కాదన్నారు. అయిదో ఆయన మా మామగారి ఆఫీసులో పనిచేసి రిటైరైనాయన. కాదమ్మా, నేనైతే బాగుండేదన్నాడు. అదిగో, స్తంభం పక్క బల్ల దగ్గర, తెల్ల స్వెట్టరు."

బింగ్‌హై చూశాడు. బట్టతల ఆయన, పక్కనున్న పాపకి రొయ్య వలిచి పెడుతున్నాడు.

"ఇంకో పావుగంట చూసి ఆయన్నే మీ పీట మీద కూర్చోబెట్టేదాన్ని. అడిగాను కూడా. సరేనన్నాడు."

"కూర్చోబెట్టాల్సింది తల్లీ" అన్నాడు బింగ్‌హై.

యూజెన్ కాదనలేదు. గ్లాసు పెదవులకి ఆనించి, అతనికి తల వంచి, పక్కనున్న మేనత్త వైపు తిరిగింది.